ఫెఫో గొంతులో ఈల

మా కొండల్లో చలికాలం పొద్దున్నే గుర్రాలు కనిపించవు, వినిపిస్తాయి. నది మీంచి లేచిన మంచు లోయంతా నిండి, గుడిసెల గడపల దాకా వచ్చి కూర్చుంటుంది. ఆ తెల్లదనంలో ఎక్కడో గిట్టల చప్పుడు, ఎక్కడో ఒక చీదు, ఎక్కడో కళ్ళెం గొలుసు గలగల. మా మరిది త్లాలి ఆ మంచులో కళ్ళు మూసుకుని నిలబడేవాడు.

"కళ్ళు మూసుకోవడం దేనికిరా? తెరిచినా కనబడి చచ్చేదేముంది?" అనేదాన్ని.

"తెరిస్తే తెలుపు కనబడుతుంది వదినా. ఆ తెలుపు కూడా చెవిలో దూరుతుంది," అనేవాడు.

అతని మాటలు అలాగే ఉండేవి, సగం నిద్రలోంచి వచ్చినట్టు. కానీ గుర్రం ఊపిరి దగ్గరికి వచ్చేసరికి ఈ లెసోతో కొండల్లో అతనికన్నా మెలకువగా ఉన్న మనిషిని నేను చూడలేదు. ఈ మాట నేనంటున్నానంటే నమ్మొచ్చు. అత్తింటివాళ్ళను ఊరికే పొగిడే అలవాటు నాకు లేదు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి త్లాలికి పదేళ్ళు. గొర్రెల వెనక తిరిగేవాడు, బడి మొహం చూడలేదు. నేను మూడో తరగతి దాకా చదివాను కాబట్టి గనుల నుంచి అతను రాయించిన ఉత్తరాలన్నీ నేనే చదివి ఇంట్లోవాళ్ళకు వినిపించాను. పంతొమ్మిదో ఏట సరిహద్దు దాటి బంగారు గనికి వెళ్ళాడు, మా మగవాళ్ళంతా వెళ్ళినట్టే. అక్కడ అతని పని నెత్తి మీది రాయిని తట్టడం. మందు పేల్చిన తరవాత, మిగతావాళ్ళు లోపలికి అడుగు పెట్టక ముందు, పొడుగాటి ఇనుప గడ పట్టుకుని కప్పునంతా తట్టుకుంటూ పోవాలి. రాయి ఖణేలుమంటే గట్టిది. ఖాళీ కుండలా డొల్లగా మోగితే ఆ ముక్క ఊడిపడబోతోందని అర్థం. ఇరవయ్యేడేళ్ళు ఆ చీకట్లో రాయి చెప్పేది విన్నాడు. అతను సరేనన్న కప్పు కింద ఒక్క మనిషి చావలేదు. అది అతనెప్పుడూ చెప్పుకోలేదు, కాబట్టి నేను చెప్పాల్సి వస్తోంది.

తిరిగొచ్చేటప్పుడు ఒక రేకు పెట్టె, ఒక రేడియో, ఛాతీ నిండా రాతి దుమ్ము తెచ్చుకున్నాడు. అప్పటికి అతని భార్యా లేదు, మా ఆయనా లేడు. రెండు గుడిసెలు, ఒకటే పొయ్యి. నేను సంకటి కలిపితే వంక పెట్టకుండా తినేవాడు. ఆ వంశంలో ఇంకెవరికీ లేని గుణం అదొక్కటి.

మొదటి శీతాకాలం. ఇద్దరం గోడకు ఆనుకుని ఎండలో కూర్చున్నాం. ఎదురుగా ఒక బూడిదరంగు గుర్రం మనిషిని మోసుకుని దౌడు తీస్తూ ఎగువకు పోయింది. త్లాలి తలెత్తాడు.

"వదినా, దాని గొంతులో తలుపు సరిగ్గా తెరుచుకోవడం లేదు."

"గొంతులో తలుపులేంట్రా? ఎండ నీ నెత్తికెక్కింది. లోపలికి పో."

"రెండు రెక్కల తలుపు. ఒక రెక్క వేలాడుతోంది. గాలి లోపలికి పోయేటప్పుడు రంపం కోసినట్టుంది. బయటికొచ్చేటప్పుడు ఏమీ లేదు."

నాకు గిట్టలు తప్ప మరేమీ వినబడలేదు. ఆరు నెలలు పోయాక పట్నం నుంచి పశువుల డాక్టరొకడు వచ్చాడు. ఆ గుర్రం ముక్కులోకి సన్నటి గొట్టం దించి, లోపల దీపం వేసి చూసి, గొంతులో ఎడమ రెక్క చచ్చుబడిందన్నాడు. ఊరు ఊరంతా త్లాలి వైపు తిరిగింది. అతను దుప్పటి భుజాల మీదికి లాక్కుని ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు, డాక్టరు చెప్పింది వాన సంగతైనట్టు.

ఆనాటి నుంచి పందెపు గుర్రాలు మా వాకిట్లోకి రావడం మొదలైంది. మూడు రోజుల దారి నడిచి వచ్చినవాళ్ళున్నారు. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళివ్వాల్సింది నేను.

అతని పద్ధతి ఒకటుండేది. దౌడు తీసే గుర్రానికి ఊపిరి తన ఇష్టం కాదు, కాళ్ళ ఇష్టం. ముందుకాళ్ళు నేల తాకితే గాలి బయటికి తోసుకొస్తుంది. కాళ్ళు ముడుచుకుని ఒళ్ళు గాల్లో తేలినప్పుడు లోపలికి పోతుంది. చప్పుడు కాళ్ళు తేలినప్పుడు వస్తే గొంతు తలుపు. కాళ్ళు పడేటప్పుడు గుడగుడమంటే అంగుడి వెనకుండే మెత్తటి కండ ఎగిరి దారికి అడ్డం పడుతోందన్నమాట. పరుగు ఆగాక గుర్రాన్ని నిలబెట్టి, ఖాళీ పిండి సంచి దాని మూతికి కాసేపు వదులుగా పట్టుకోమనేవాడు. సంచిలో గాలి చాలక గుర్రం లోతుగా పీలుస్తుంది. అప్పుడు ముందు గొంతుకి, తరవాత పక్కటెముకలకి చెవి ఆనించేవాడు. ఏ చప్పుడు లోపలికి పోయే గాలిదో, ఏది బయటికొచ్చే గాలిదో తప్పిపోకుండా తనూ గుర్రంతో పాటే ఊపిరి తీసి వదిలేవాడు. అలా ఇద్దరూ ఒకే ఊపిరిగా నిలబడితే చూస్తున్నవాళ్ళకు మాట్లాడ బుద్ధి వేసేది కాదు. మనిషి గుర్రంలోకి నడిచి వెళ్ళిపోయినట్టూ, ఇక్కడ దుప్పటి మాత్రం మిగిలినట్టూ ఉండేది.

ఆ సంచి పట్టుకునేది నేనే. ఇంకెవరు పట్టినా గుర్రం కరిచేది. నన్ను ఏ గుర్రమూ కరవలేదు. వాటికీ భయం ఉంటుంది.

అలా పదకొండేళ్ళు గడిచాయి. గుర్రాల ఊపిరి అతను వింటూనే ఉన్నాడు, అతని ఊపిరి తగ్గుతూనే ఉంది. వాకిలి నుంచి దొడ్డి దాకా నడవడానికి మధ్యలో ఒకసారి ఆగేవాడు. తరవాత రెండుసార్లు. రాత్రిళ్ళు పడుకుంటే ఊపిరాడక దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే కునికేవాడు.

అప్పుడు వచ్చింది ఫెఫో.

మా మాటలో ఫెఫో అంటే గాలి. ఎర్రమట్టి రంగు ఆడగుర్రం, సన్నటి కాళ్ళు. ఎగువ ఊరి రాపిట్సో పెళ్ళాం మాపుసోది అది. అది గుర్రప్పిల్లగా ఆమె పుట్టింటి నుంచి వచ్చింది, ఆమే పెంచింది, పందేల్లో ఆమే ఎక్కేది. మాపుసో బక్కపల్చటి మనిషి, జీను మీద కూర్చుంటే గుర్రానికి ఉన్నట్టే తెలియదు. మొగుడితో పది మాటలు మాట్లాడితే గుర్రంతో వంద మాట్లాడేది. రాపిట్సో గొంతు విన్నాక ఆమెను తప్పు పట్టలేం.

మొక్కజొన్న కోతలై పదిరోజులైంది. మంగళవారం పొద్దున మంచులోంచి ముందు ఆ గొంతే వచ్చింది.

"ఏమమ్మా మామొసా! మీ మరిది చెవులు ఇంట్లోనే ఉన్నాయా?"

"ఉన్నాయి. నువ్వింకా కొండవతల ఉండగానే లేచి కూర్చున్నాయి," అన్నాను.

అతని వెనక మాపుసో కళ్ళెం పట్టుకుని నడుస్తోంది. వాళ్ళ వెంట పనీపాటా లేని ఐదారుగురు మగవాళ్ళు. గుర్రం దగ్గింది. పొడి దగ్గు, ఒక్కటే.

"కోతల పందెంలో సగందాకా అన్నిటికన్నా ముందుంది," అన్నాడు రాపిట్సో. "ఆ తరవాత ఎవరో వెనక నుంచి తోక పట్టుకు లాగినట్టు ఆగిపోయింది. ఇంకేం, గొంతు పోయిందంటున్నారు. త్లాలి అయ్యా, ఉన్నదున్నట్టు చెప్పు. శుక్రవారం దిగువ నుంచి వ్యాపారి లారీ వస్తోంది. గొంతు పోయిన గుర్రానికి గడ్డి దండగ. ఇసుక బళ్ళకి ఇచ్చేస్తాను."

మాపుసో గుర్రం మెడ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. "అయ్యా, గొంతు బాగుంటే ఇవ్వరు. ఆయన మాటిచ్చారు. బాగుంటే ఇవ్వరు," అంది, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు.

ఇసుక బళ్ళంటే ఏమిటో మా అందరికీ తెలుసు. ఏటి ఒడ్డు నుంచి ఇసుక లాగే గుర్రం రెండేళ్ళు బతకదు.

మాపుసో గుర్రమెక్కి మంచులోకి పోయింది. గిట్టలు దూరమయ్యాయి, దగ్గరయ్యాయి, మా ముందు నుంచి కనబడకుండా దాటిపోయాయి. త్లాలి కళ్ళు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. ఆ పొద్దున దిగువ నుంచి గాలి వీస్తోంది, చప్పుళ్ళు చెదిరిపోతున్నాయి. అతను తల అడ్డంగా ఊపి, "దగ్గరికి తెండి," అన్నాడు.

నేను సంచి పట్టుకున్నాను. ఫెఫో లోతుగా పీల్చింది. త్లాలి దాని గొంతుకి చెవి ఆనించాడు. గుర్రమూ మనిషీ కలిసి పీల్చారు, కలిసి వదిలారు. పీల్చినప్పుడల్లా సన్నగా, తడి వేలితో గాజు రాసినట్టు, ఈల. నాకూ వినబడింది. చాలాసేపు విన్నాడు. ఈల ప్రతిసారీ వచ్చింది.

తల ఎత్తాడు. కళ్ళింకా మూసే ఉన్నాయి.

"గొంతే," అన్నాడు. "లోపలికి పోయే గాలికే వస్తోంది. తలుపు తెరుచుకోవడం లేదు."

రాపిట్సో టోపీ తీసి నేలకేసి చూశాడు. మాపుసో ఏడవలేదు. సంచి ఇవ్వమని నా చేతిలోంచి తీసుకుంది, మూతి దగ్గర అంటుకున్న పిండి తుడిచింది, గుర్రాన్ని తిప్పుకుని నడిచింది.

నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఎందుకంటే ఒక సంగతి నేను చూశాను. చివర్లో సంచి తీసేసరికి మా కుక్క మొరిగింది. గుర్రం చెవులు నిక్కించి ఊపిరి బిగబట్టింది. మూతి నా చేతిలోనే ఉంది, ముక్కుపుటాలు కదల్లేదు, నా అరచేతికి గాలి తగల్లేదు. అప్పుడు కూడా ఈల ఒకసారి వచ్చింది.

ఆ పూటంతా ఆ సంగతి అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకున్నాను. పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. నేను పొరపాటు పడడం అరుదు కనుక ఆ ఆలోచన ఎక్కువసేపు నిలవలేదు. అందరి ముందూ అనుంటే బాగుండేది. అనలేదు. పదకొండేళ్ళలో ఒక్కసారీ తప్పిపోని మాటను అంతమంది మగవాళ్ళ ముందు తీసెయ్యడానికి నాకు నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడమేమిటని ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వుతారు.

మరునాడు పొద్దున సంకటీ ఆకుకూరా పట్టుకుని అతని గుడిసెకి వెళ్ళాను. వంగి జోళ్ళు తొడుక్కుంటున్నాడు. వంగినప్పుడు ఊపిరి పీల్చాడు. సన్నగా, తడి వేలితో గాజు రాసినట్టు.

గిన్నె కింద పెట్టాను.

"త్లాలీ, ఒకసారి ఊపిరి బిగబట్టు."

"ఎందుకు వదినా?"

"వదిన చెప్పింది కాబట్టి."

బిగబట్టాడు. గుడిసె నిశ్శబ్దమైంది. మంచు తలుపు సందులోంచి లోపలికి పాకుతోంది. పదిదాకా లెక్కపెట్టకముందే ఆగలేక పీల్చాడు. ఈల.

"ఇప్పుడు గుర్రమేదీ ఇక్కడ?" అన్నాను.

అతనికి ముందు అర్థం కాలేదు. తరవాత అయింది. మనిషి మొహంలో రాయి పగలడం నేను అప్పుడు చూశాను. లోపల్లోపల.

"నిన్న కుక్క మొరిగినప్పుడు గుర్రం ఊపిరి ఆపింది. నువ్వు ఆపలేదు," అన్నాను.

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"నీకా?"

"నాకే. ఏం, ఉండకూడదా?"

చేతిలోని రెండో జోడు తొడగకుండా కింద పెట్టాడు. "ఎప్పటినుంచి ఉందంటావు ఈ ఈల?"

"నాకేం తెలుసు? రోజూ వినే చప్పుడు, గోడలా అయిపోయింది. నీకు నీది, నాకు నీది."

"అయితే ఈ మధ్య నేను చెప్పిన గుర్రాలు..."

"వాటి సంగతి తరవాత. శుక్రవారం లారీ వస్తోంది. ఇవాళ బుధవారం. ముందు ఈ సంకటి తిను."

తిన్నాడు. తినడం అయ్యాక, "ఇక నేను వినలేను వదినా," అన్నాడు. అది ఏడుపు కాదు, ఫిర్యాదు కాదు. గడ విరిగింది అన్నట్టు చెప్పాడు. "నువ్వు విను."

"నేనా? నాకు గిట్టలు తప్ప ఏం వినబడవు."

"గిట్టలు వినబడితే చాలు. మిగతాది వాటి మధ్యలో ఉంటుంది."

గురువారం పొద్దున మాపుసోని ఒక్కదాన్నే రమ్మని కబురు పెట్టాం. రాపిట్సో నిద్ర లేవకముందే వచ్చింది. గాలి లేదు. మంచు పాలలా నిలిచి ఉంది. త్లాలి తన ఈల నా చెవిన పడకుండా వంద అడుగుల దూరం వెళ్ళి, దుప్పటి ముక్కు దాకా కప్పుకుని బండ మీద కూర్చున్నాడు. వెళ్ళేముందు నా అరచేతిలో తన వేళ్ళతో దౌడు కొట్టి చూపించాడు. ఇదీ పడడం, ఇదీ తేలడం. పడితే బయటికి, తేలితే లోపలికి. తేలినప్పుడు విను.

నేను కళ్ళు మూసుకున్నాను. ఒప్పుకోవడానికి నామోషీగా ఉంది గానీ, అతనన్నది నిజమే, కళ్ళు తెరిస్తే తెలుపు చెవిలో దూరుతుంది. గిట్టలు దూరంగా మొదలయ్యాయి. మొదట చిటపట వానలాగా, తరవాత ఎవరో జొన్నలు దంచుతున్నట్టు, తరవాత నా లోపలే ఎవరో నడుస్తున్నట్టు. పడడం, ఫూ. తేలడం. పడడం, ఫూ. తేలడం. ఆ తేలడంలో నేను ఎంతసేపున్నానో తెలియదు. అందులో ఏమీ లేదు. రంపం లేదు, ఈల లేదు, గుడగుడ లేదు. శుభ్రమైన గాలి ఒక తెరిచిన గదిలోకి పోతున్నట్టుంది. నేను పెళ్ళయి వచ్చిన ఏడు, ఈ వాకిట్లో ఇలాంటి పొద్దునే, మా ఆయన గుర్రం మీద దూరమైపోతుంటే విన్నది గుర్తొచ్చింది. కళ్ళు తెరిచేసరికి నా ఎదురుగా ఫెఫో ఆవిర్లు కక్కుతూ నిలబడి ఉంది, మాపుసో జీను మీంచి నా మొహంలోకి వంగి చూస్తోంది.

"అమ్మా? ఏం వినబడింది అమ్మా?"

"ఏమీ లేదు," అన్నాను. "గొంతు తెరిచే ఉంది."

ఆమె గుర్రం మెడ మీద వాలిపోయి ఏదో గొణిగింది, నాతో కాదు. అప్పుడు గుర్రం మళ్ళీ దగ్గింది.

త్లాలి బండ మీంచి లేచి, రెండుసార్లు ఆగి, వచ్చాడు. చెవి దగ్గర పెట్టలేదు. డొక్కకేసి చూశాడు. అతనికి కళ్ళింకా ఉన్నాయి కదా. ఫెఫో ఊపిరి వదులుతుంటే డొక్క ఒకసారి నొక్కుకుని, ఒక క్షణం ఆగి, మిగిలిన గాలిని నెట్టడానికి మళ్ళీ నొక్కుకుంటోంది. పక్కటెముకల అంచున సన్నటి గీతలా కండ తేలింది.

"ఛాతీలో పట్టింది," అన్నాడు. "గాలి లోపలికి పోవడానికి కష్టం లేదు, బయటికి రావడానికి ఉంది. అందుకే సగం పందెం దాకా బాగుండి అక్కడ ఆగిపోతోంది." జూలు పిడికిట పట్టి వాసన చూశాడు. నా ముక్కు దగ్గరికి తెచ్చాడు. "వదినా, ఇదేం వాసన?"

పిడకల పొగ. నా సొంత దుప్పటి వాసన.

"మాపుసో," అన్నాను, "ఈ గుర్రం ఎక్కడ పడుకుంటోంది?"

మాపుసో దిగి జీను పట్టీ సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

"నిన్నే అడుగుతున్నా. గుర్రం ఎక్కడ పడుకుంటోంది?"

"వంటగుడిసెలో," అంది నేల చూస్తూ. "పక్కింటివాళ్ళ రెండు గుర్రాల్ని దొంగలు తోలుకుపోయారు కదమ్మా. అప్పటినుంచి లోపలే. నా పక్కనే. చలి వేస్తుందని నిప్పు కూడా ఆర్పను. తలుపు సందుల్లో గుడ్డలు కూరుతాను. కింద మెత్తగా ఉంటుందని నిరుటి చొప్ప పరుస్తాను."

"నిరుటిది. బూజు పట్టినది."

"పైపైన దులుపుతాను."

"ఆ దులిపిన దుమ్మంతా ఎక్కడికి పోతుందనుకున్నావే? తలుపు సందుల్లోంచి బయటికా? అవి గుడ్డలతో కూరావు కదా!"

ఆమె గుర్రం జూలు పట్టుకుంది. "నేనే చేశానా?"

త్లాలి నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. లేకపోతే ఇంకా అనేదాన్ని. "ఇంకా ఆలస్యం కాలేదమ్మాయ్," అన్నాడు. "బయట పడుకోబెట్టు. గడ్డి నీళ్ళల్లో తడిపి పెట్టు. పొగ, దుమ్ము, రెండూ వద్దు. రెండు నెలల్లో ఈ గీత పోతుంది."

"బయటైతే దొంగలు?"

"మా దొడ్డిలో కట్టు. నేనెలాగూ పడుకోను. కూర్చునే ఉంటాను."

శుక్రవారం లారీ ఊరి పెద్ద వాకిట్లో ఆగింది. వ్యాపారి దిగి, ఫెఫో పళ్ళు చూసి, కాళ్ళు ఎత్తి చూశాడు. రాపిట్సోకి మేం ముందే చెప్పాం, గుర్రం గొంతు బాగుందని. అతను నమ్మలేదు. "మంగళవారం ఒక మాట, శుక్రవారం ఒక మాటా? నా పెళ్ళాం వచ్చి ఏడ్చిందని మాట మార్చావు, అంతేగా త్లాలి అయ్యా?" అన్నాడు. చుట్టూ చేరిన మగవాళ్ళకు అది నచ్చింది. ఒకడు, "చెవులకు ముసలితనం వచ్చింది," అన్నాడు. ఇంకొకడు, "చెవులకు కాదు, మెత్తదనం వచ్చింది," అన్నాడు.

త్లాలి జనం మధ్యలోంచి నెమ్మదిగా నడిచి గుర్రం పక్కన నిలబడ్డాడు. అతన్ని ఆ పూట అక్కడికి నేనే గాడిద మీద తీసుకెళ్ళాను. చేతికర్ర మీద ఆనుకుని, గాలి కూడగట్టుకుని, ఒక్కొక్క మాటే అన్నాడు.

"మంగళవారం నేను ఒక ఈల విన్నాను. మీలో దగ్గరున్నవాళ్ళు కూడా విన్నారు. అవునా?"

విన్నామన్నారు.

"మళ్ళీ వినండి."

సంచి తీసి ఫెఫో మూతికి పట్టుకోమని నాకిచ్చాడు. గుర్రం లోతుగా పీల్చడం మొదలుపెట్టాక, తను ఊపిరి బిగబట్టాడు. వాకిలంతా నిశ్శబ్దం. గుర్రం పీల్చింది, వదిలింది. పీల్చింది, వదిలింది. ఈల లేదు. మూడోసారి పీలుస్తుంటే త్లాలి పెదవులు నీలంగా మారాయి. అప్పుడు వదిలి, పీల్చాడు.

ఆ ఈల వాకిలి చివరి మనిషి దాకా వినబడింది.

"ఇది నాది," అన్నాడు. "గుర్రానిది కాదు. నా ఛాతీ చప్పుడు దాని గొంతుకు అంటగట్టాను. తప్పు చెప్పాను."

నవ్వబోయినవాడు నవ్వలేదు. గని నుంచి తిరిగొచ్చినవాళ్ళు అక్కడ నలుగురైదుగురున్నారు. ఒక్కొక్కరే దుప్పట్లు ఛాతీ మీదికి లాక్కున్నారు. ఒకతను నోరు మూసుకుని ముక్కుతో చాలా మెల్లగా పీల్చి, తనే విన్నాడు. నేను చూశాను.

రాపిట్సో టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. వ్యాపారితో, "గుర్రం అమ్మకానికి లేదు," అన్నాడు. వ్యాపారి తన పెట్రోలు ఖర్చు సంగతేమిటని అరిచాడు. రాపిట్సో అంతకన్నా గట్టిగా అరిచాడు. ఆ గొంతు ఒకరికి పనికొచ్చింది అదే మొదటిసారి.

ఆ తరవాతి రెండు నెలలూ ఫెఫో మా రాతి దొడ్డిలో ఉంది. మాపుసో పొద్దునే వచ్చి గడ్డి తడిపేది. చేతులు చలికి ఎర్రబడి పగిలేవి. నేను గొర్రె కొవ్వు రాసుకోమని ఇచ్చి, తిట్లు కూడా కొన్ని ఇచ్చేదాన్ని. మొదటి వారం దగ్గు, రెండో వారం దగ్గు, మూడో వారం మంచు కురిసింది. వెన్ను మీద మంచుతో గుర్రం కదలకుండా నిలబడి ఉంటే, దాని ముక్కుల్లోంచి రెండు తెల్లటి పొగలు ఒకే కొలతగా వచ్చిపోయేవి. త్లాలి కిటికీ దగ్గర దిండ్లకు ఆనుకుని వాటినే చూస్తూ ఉండేవాడు. ఏం చూస్తున్నావంటే, "అది నిద్రపోతోంది వదినా," అనేవాడు. కాసేపటికి అతనికే నిద్ర పట్టేది. డొక్క మీది గీత ఎప్పుడు పోయిందో మేమెవరం సరిగ్గా చెప్పలేం. ఒకరోజు చూస్తే లేదు.

చలికాలపు పెద్ద పందేలకు వెళ్ళాలంటే కొండదారిలో ఒక రోజు ప్రయాణం. త్లాలికి అప్పటికి వాకిలి దాటడమే కష్టం. "నువ్వెళ్ళు," అన్నాడు. "ఎవరు గెలిచారో చూడ్డానికి కాదు. మలుపు దగ్గర నిలబడు. అక్కడ గుర్రాలు కష్టపడతాయి, దాచుకోవడం కుదరదు."

వెళ్ళాను. డెబ్భై ఏళ్ళ ముసలిది మలుపు దగ్గర కళ్ళు మూసుకుని నిలబడితే జనం తలా ఒక మాటన్నారు. ప్రార్థన చేస్తోందనీ, తాగిందనీ. తాగానన్నవాడికి సమాధానం చెప్పాను. మిగతావాళ్ళకి టైం లేకపోయింది, గుర్రాలు వచ్చేశాయి.

మరునాడు సాయంత్రం ఎండ ఇంకా ఉండగా ఇల్లు చేరాను. త్లాలి దిండ్లకు ఆనుకుని ఎదురు చూస్తున్నాడు. నన్ను దుప్పటి కూడా విప్పనివ్వలేదు.

"మలుపు దగ్గర?"

"పదకొండు గుర్రాలు ఒకేసారి. ముందు అన్నీ కలిసిపోయాయి. తరవాత దాన్ని విడదీశాను. అది తేలికగా పడుతుంది, మిగతావి దభేలుమని పడతాయి."

"తేలినప్పుడు?"

"ఏమీ లేదు. తెరిచిన గది."

"పడినప్పుడు?"

"ఫూ. ఒక్కటే. రెండోసారి నెట్టడం లేదు."

కళ్ళు మూసుకున్నాడు. నేను చెప్పిన ప్రతి అడుగునూ తను పరిగెత్తుతున్నట్టు వేళ్ళు దుప్పటి మీద కదిలాయి.

"ఆగాక డొక్కలు ఎంతసేపటికి సర్దుకున్నాయి?"

"మాపుసో దిగి, జీను విప్పి, ముద్దులు పెట్టడం పూర్తయ్యేసరికి."

"ముద్దులు ఎక్కువే పెట్టుంటుంది."

"ఎక్కువే పెట్టింది. అవీ లెక్కేశాను."

"ముక్కులో నెత్తురు?"

"లేదు. నా వేలు పెట్టి చూశాను. తెల్లటి వేలే బయటికొచ్చింది."

"నీ వేలు ఎప్పుడు తెల్లగా ఉంది వదినా?"

నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా వీపు నిమిరాను. బయట మాపుసో గొంతు, దానికన్నా ముందు రాపిట్సో గొంతు, వాటి మధ్యలో ఫెఫో గిట్టలు. వాకిట్లోకి వస్తున్నారు. త్లాలి చెవి అటు తిప్పాడు, తరవాత నా వైపు చూశాడు.

"ఇంతకీ ఎన్నోది వచ్చింది?"

"రెండోది."

"రెండోదా?" దుప్పటి మీద వేళ్ళు ఆగాయి. నిరాశ పడ్డాడేమో అనుకున్నాను. "మరి మొదట వచ్చిన గుర్రం ఊపిరి ఎలా ఉంది?"

"నాకున్నవి రెండే చెవులురా," అన్నాను. "ఆ రెండూ దీనికిచ్చాను."